ఎనమండుగురి పేర్లు చెప్పగలరా?

వంశవృక్షాన్ని గీయదలచినవారు ఎవరిని అడగాలి, ఏమి వెదకాలి

ప్రతి మనిషికీ ముత్తాతలు నలుగురు, తాతమ్మలు నలుగురు. ఈ ఎనమండుగురి పేర్లను తడుముకోకుండా చెప్పగలవారు మనలో ఎందరు? శ్రాద్ధకర్మలు ఆచరించే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లను ఏటేటా ఉచ్చరిస్తారు కనుక ఆ వరుస నిలుస్తుంది. కాని తల్లికి నాయనమ్మ ఎవరు, ఆమె పుట్టిల్లు ఏ ఊరు అని అడిగితే చాలమంది వద్ద సమాధానం ఉండదు. మూడు తరాలు గడవకముందే కుటుంబంలో సగం చరిత్ర మరుగున పడుతున్నదన్నమాట.

పూర్వుల జాడ తెలుసుకోవాలనే కోరిక రాజవంశాలవారికే పరిమితం కాదు. అలెక్స్ హేలీ రచించిన ‘రూట్స్’ 1976లో వెలువడింది. ఆఫ్రికా నుండి బానిసగా అమెరికాకు తరలింపబడిన పూర్వికునితో ఆరంభమయ్యే ఆ గ్రంథాన్ని సహవాసి ‘ఏడు తరాలు’ పేరిట తెలుగులోకి తెచ్చారు. హేలీకి తొలి ఆధారం దస్తావేజు కాదు. చిన్నతనంలో అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు చెప్పుకొనగా విన్న మాటలు. ఆ వంశక్రమంలోని కొన్ని అంశాలు రికార్డులతో పొసగవని తరువాత పరిశోధకులు చూపారు. ఈ రెండూ మనకు పాఠాలే. అన్వేషణ పెద్దల మాటతో మొదలుకావాలి. విన్న మాటను కాగితంతో సరిచూచుకోవాలి.

నేటి నుండి వెనుకకు

చాలమంది తమ ఇంటిపేరుగల ప్రసిద్ధ పురుషుని ఎన్నుకొని, అక్కడి నుండి తమ వరకు దారి వేయాలని చూస్తారు. ఇది తలక్రిందుల పద్ధతి. మన ఇంటిపేర్లలో అనేకం ఊరిపేర్ల నుండి వచ్చాయి. ఒకే ఊరు విడిచి వచ్చిన వేర్వేరు కులాలవారికి, వేర్వేరు గోత్రాలవారికి ఒకే ఇంటిపేరు ఉండవచ్చు. కనుక మీతోనే మొదలుపెట్టి, ఒక్కొక్క తరమే వెనుకకు పొండి.

ప్రతి వ్యక్తికీ నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించండి. అసలు పేరు, పిలుపు పేరు, తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, మరణించిన ఊరు, భార్య లేక భర్త పేరు వ్రాసుకొండి. స్త్రీల విషయంలో పుట్టింటి ఇంటిపేరు, పుట్టింటి ఊరు తప్పనిసరి. వివాహంతో ఇంటిపేరు మారిపోతుంది కనుక, ఆ ఒక్క వివరం లేకపోతే ఆమె వైపు దారి అక్కడితో మూసుకుపోతుంది.

మనుమనికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరంలో తిరిగి వస్తుంది. పేరుతోపాటు భార్య పేరు, ఊరు వ్రాయకుంటే తాతా మనుమలు ఒకరిలో ఒకరు కలిసిపోతారు. మేనరికాలు జరిగిన ఇళ్ళలో ఒకే వ్యక్తి రెండు స్థానాలలో కనబడవచ్చు. అది పొరపాటని కొట్టివేయకండి.

పెద్దలను అడిగే తీరు

‘‘మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?’’ అంటే ముసలివారు సమాధానం చెప్పలేకపోవచ్చు. ‘‘దివిసీమ ఉప్పెన నాటికి మీ పెద్దబ్బాయికి ఎన్నేళ్ళు?’’ అంటే వెంటనే చెబుతారు. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. తెలంగాణలో 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య ఇటువంటి కొండగుర్తే. పన్నెండేళ్ళకొకసారి వచ్చే పుష్కరాలు మరొకటి.

తెలుగు సంవత్సరాల పేర్లు కూడ ఉపకరిస్తాయి. అయితే అవి అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయని మరువరాదు. ధాత నామ సంవత్సరం 1876–77లో వచ్చింది, మళ్ళీ 1936–37లో వచ్చింది. దక్షిణ దేశాన్ని అల్లాడించిన ధాత కరువు మొదటిదానికి చెందినది. ఆ వ్యక్తి బిడ్డల వయసును బట్టి ఈ రెండింటిలో ఏదో నిర్ణయించవచ్చు.

అడగవలసిన మరొక ప్రశ్న పురిటిని గురించి. తొలికాన్పు పుట్టింట జరిగే ఆచారం వల్ల, ఇంటి పెద్దబిడ్డ పుట్టిన ఊరు తరచు తల్లి పుట్టినూరే అయి ఉంటుంది. తండ్రి గ్రామంలో కనబడని జనన నమోదు అక్కడ దొరకవచ్చు.

ఇంట్లోని వస్తువులను కూడ పరిశీలించండి. జాతకచక్రాలు, శుభలేఖలు, ఫోటోల వెనుక వ్రాతలు, పెళ్ళినాటి ఇత్తడి, కంచు పాత్రలపై చెక్కించిన పేర్లు, అన్నీ సాక్ష్యాలే. ఒక పాత బిందె చేతికిస్తే, ప్రశ్నలకు చెప్పని సంగతులు పెద్దలు తమంతట తామే చెప్పనారంభిస్తారు. వారి అనుమతితో ఆ సంభాషణను చేతిలోని ఫోనులో రికార్డు చేయండి. ఒకే విషయాన్ని ఇద్దరిని వేర్వేరుగా అడగండి.

వంశాలను నోటితో కాపాడినవారు మన సమాజంలో వేరే ఉన్నారు. పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రాలను, డక్కలివారు మాదిగల వంశగాథలను తరతరాలుగా గానం చేశారు. కాశీ, గయ, హరిద్వారాలలోని పండాలు యాత్రికుల పేర్లను, వారి పితరుల పేర్లను బహీలలో వ్రాసి ఉంచారు. మీవారు ఎవరైనా తీర్థయాత్ర చేసి ఉంటే ఏ పండా ఇంట బస చేశారో కనుక్కొండి.

కాగితాలు చెప్పేది, చెప్పనిది

పాఠశాల ప్రవేశ రిజిస్టర్లలో తండ్రి పేరు నమ్మదగినదే. పుట్టిన తేదీ మాత్రం తరచు పంతులుగారి అంచనా. జనన మరణాల రిజిస్టర్లు, చర్చిలోని బాప్తిస్మ, వివాహ పుస్తకాలు, ఖాజీ వద్ద ఉండే నిఖా పుస్తకాలు ఇంతకంటె దృఢమైన ఆధారాలు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలోని క్రయ దస్తావేజులలో తండ్రి లేక భర్త పేరు, నివాస గ్రామం ఉంటాయి. భాగపరిష్కార పత్రాలలో అన్నదమ్ములందరి పేర్లూ ఒకేచోట దొరుకుతాయి. కాని పాత పత్రాలలో ఆడపిల్లల పేర్లు అరుదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండి, దేశమంతటా 2005 నుండి వచ్చింది. అంతకుముందు వాటా లేని కుమార్తె పేరు వ్రాయవలసిన అవసరం వ్రాసేవారికి కనబడలేదు.

భూమి ఉన్న కుటుంబాలకు రెవెన్యూ లెక్కలు ఉన్నాయి. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన రిజిస్టర్లు ఈనాం ఎవరికి దక్కినదో, ఎవరి అనుభవంలో ఉన్నదో చెబుతాయి. తెలంగాణలో 1954–55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైనది. నిజాం కాలపు కాగితాలకు ఉర్దూ తెలిసినవారి సహాయం కావాలి. జనాభా లెక్కల వైపు మాత్రం చూడకండి. వ్యక్తుల వివరాలను 1948 చట్టం గోప్యంగా ఉంచుతుంది.

సముద్రం దాటినవారు

భూమి లేని పేదల పేర్లు రెవెన్యూ లెక్కలలో కనబడవు. అయితే వారిలో ఒప్పందపు కూలీలుగా ఓడ ఎక్కినవారి వివరాలు భద్రంగా ఉన్నాయి. 1860 నవంబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది నేటాల్‌కు వెళ్ళారు. మద్రాసు నుండి ఫిజీకి 1903 మొదలు 1916 వరకు కూలీలను పంపారు. వారిలో తెలుగువారు అనేకులు. వలస పాసులో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాసేవారు. మారిషస్‌లో ఈ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. తెలుగు పేర్లను తెల్లదొరలు తమకు వినబడినట్లు వ్రాసుకొన్నారు కనుక, పేరును పలు విధాలుగా పలికి చూచుకోవాలి. ఊరిలో ఉండిపోయిన అన్న పేరు ఎక్కడా మిగలకపోయినా, ఓడ ఎక్కిన తమ్ముని పాసులో వారి తండ్రి పేరు దొరకవచ్చు.

ఉన్నది ఉన్నట్లు

ప్రతి వివరం ప్రక్కనా అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూచారో వ్రాయండి. సందేహమున్నచోట ప్రశ్నార్థకం ఉంచండి. దత్తతలు, మారుమనువులు, తగాదాలు బయటపడతాయి. వాటిని దాచి గొప్పలు కల్పించే వంశవృక్షం వల్ల ప్రయోజనం లేదు. అయితే బ్రతికి ఉన్నవారి మనసు నొప్పించే సంగతులను వీధిలో పెట్టనవసరమూ లేదు.

ఈ ఆదివారమే ఒక నోటుపుస్తకం తీసి ఎనిమిది గళ్ళు గీయండి. తెలిసిన పేర్లు నింపి, ఖాళీలతో మీ బంధువులలో అందరికంటె వృద్ధురాలైన స్త్రీ వద్దకు వెళ్ళండి. రిజిస్టరు వచ్చే ఏడు కూడ కచేరీలో ఉండవచ్చు. తాతమ్మల పుట్టినూళ్ళు తెలిసిన ఆ ఒక్క మనిషి అప్పటికి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.