పెరటి బావికి పంపు

పెరటితోటకు నీరు పెట్టు మోటారు చెడినంతనే అంతకంటె పెద్దదానిని తెచ్చి బిగించుట మనవారి అలవాటు. కాని వాయుపీడనము నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తజాలదు కనుక, ఆచరణమున 7 మీటర్లు దాటిన లోతునుండి, గట్టుమీది మోనోబ్లాక్ పంపు ఎన్ని హార్స్‌పవరులదైనను నీటిని పీల్చలేదు. అట్టి బావికి, నీట మునిగియుండి పైకి నెట్టు సబ్‌మెర్సిబుల్ పంపు తగినది.

వేసవిలో నీటిమట్టము ఎంతకు దిగునో, అచటినుండి తోట ఎంత ఎత్తున నున్నదో, గొట్టములలో ఒరిపిడివలన ఎంత నష్టమగునో కూడిననే ‘హెడ్డు’ తేలును. 30 మీటర్ల హెడ్డునకు సెకనుకు 1 లీటరు నీరెత్తుటకు, పంపు సామర్థ్యము నూటికి 40 వంతులైనచో, 1 హార్స్‌పవరు ఇంచుమించుగా సరిపోవును. బావి ఊటకు మించి తోడు పంపు నీరులేక వట్టిగా తిరిగి, వేడెక్కి చెడును.

అన్నట్లు, గట్టుమీది మోటారు తిరుగుచున్నను నీరు రాకున్నచో, దానిని మార్చుటకు ముందు ఫుట్‌వాల్వును చూడుడు. చెత్త చిక్కి, మూత సరిగా పడక, గొట్టములోని నీరు జారిపోయి యుండవచ్చును.