కంది పొట్టును కాల్చకండి

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు పేరు దేశమంతా తెలిసింది గాని, పొట్టు సంగతి మన సభ్యులు కొందరు పట్టించుకోవడం లేదు. కళ్ళంలో మిగిలినదాన్ని తగులబెట్టి, ఆ సాయంత్రమే దాణా బస్తాకు డబ్బు కట్టేవారిని మేము చూచినాము. పాల ఖర్చులో సగానికి పైగా మేతదే కదా!

కళ్ళంలో రాలిన ఆకు, కాయ తొక్కలు ఎండుమేత. నరికిన జొన్న చొప్పతో కలిపి వేయవచ్చు. చొప్ప నిలువుగా వేస్తే గేదె ఆకు తిని మొదలు కాళ్ళ కింద తొక్కుతుంది. పప్పు మిల్లులో వచ్చే పొట్టు, నూక కలిసిన చున్నీ వేరు. అది దాణాలో భాగం.

నూరు కిలోల దాణాకు జొన్న లేక మక్కలు 40 కిలోలు, పత్తి చెక్క లేక పల్లి చెక్క 30, చున్నీ, తవుడు కలిపి 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చాలును. పూర్వం గుర్రాలకు, ఎడ్లకు ఉడికించి పెట్టిన ఉలవలు చవకగా దొరికిన ఏడు చెక్కలో కొంత తగ్గించవచ్చును. పచ్చిమేత లేనప్పుడు గేదె ఒంటికి ఒకటిన్నర కిలోలు, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో దాణా పెట్టాలి. అంటే అయిదు లీటర్లిచ్చే గేదెకు రోజుకు నాలుగు కిలోలు. మేత మార్చేటప్పుడు వారం పది రోజులలో కొద్దికొద్దిగా మార్చండి.

వానాకాలంలో చున్నీ బస్తాలను నేల మీద పెట్టరాదు. బూజు పట్టినదాన్ని "పశువే గదా" అని వేస్తే ఆ విషం పాలలోకి దిగుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

వరిగడ్డి ఉన్నవారు నూరు కిలోలకు 4 కిలోల యూరియాను 65 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకు చల్లి, తొక్కి, గాలి చొరకుండ 21 రోజులు కప్పి ఉంచండి. తీసిన తరువాత కాసేపు ఆరనిచ్చి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్టు పశువుకు అందితే ప్రాణమే పోతుంది.

ఇంకొక మాట. వాన వెనుకబడి వాడిన లేత జొన్న, కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలకలు మేపకండి. వాటిలో విషముంటుంది. పూత వచ్చాక కోయవచ్చు. మేసిన పశువు రొప్పుతూ తూలితే నాటు మందులతో పొద్దు గడపక వెంటనే పశువైద్యుని పిలవండి. సూది మందు ఉన్నది, అయితే నిమిషాల మీద పని.