ఫొటోకు అక్కర్లేని వెలుగు

పెళ్లి పందిళ్లలోనూ గుడి ఉత్సవాల్లోనూ కెమెరా పట్టుకున్నవాళ్లను గమనించండి. చాలామంది లెన్స్‌కు పక్క వెలుగును ఆపే గొట్టంలాంటి అడ్డు, అంటే హుడ్ ఉంటుంది, కానీ వెనక్కి తిరగేసి ఉంటుంది. బ్యాగులో చోటు కలిసి రావాలని అలా తిరగేసి బిగించే ఏర్పాటు చేశారు. బయటికి తీశాక ముందుకు తిప్పి బిగించడం క్షణంలో అయ్యే పని. ఆ కాస్త పని మానేస్తే ఫొటోలో నీడలు పాడవుతాయి, రంగులు వెలిసిపోతాయి. అలా పాడైన నీడల్ని తర్వాత కంప్యూటర్లో ఎంత దిద్దినా మొదటి స్థితికి తేలేం.

లెన్స్ లోపల తిరిగే కాంతి

రాత్రి గదిలో లైటు వేసి కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తే వీధి కన్నా మన ముఖమే బాగా కనిపిస్తుంది. గాజు ఎంత తేటగా ఉన్నా తన మీద తిన్నగా పడిన కాంతిలో కొంత వెనక్కి కొడుతుంది. మామూలు గాజు గాలిని తాకే ప్రతి తలం దగ్గరా ఇలా వెనుదిరిగేది సుమారు 4 శాతం.

కెమెరా లెన్స్‌లో గాజు బిళ్లలు అనేకం. కోటింగ్ లేని 10 తలాలను దాటేసరికి కాంతిలో మూడో వంతు తగ్గిపోతుంది. ఆ తగ్గుదల పెద్ద సమస్య కాదు, షట్టర్ ఇంకాస్త సేపు తెరిస్తే సరిపోతుంది. చిక్కల్లా వెనుదిరిగిన కాంతి బయటికి పోకుండా లోపలే తిరగడంతో వస్తుంది. ఒక తలం నుంచి వెనక్కి వచ్చిన కిరణం దాని ముందున్న మరో తలానికి తగిలి మళ్లీ సెన్సర్ వైపు మళ్లుతుంది. ఇలా రెండుసార్లు ప్రతిఫలించి సెన్సర్‌ను చేరే దారులు 10 తలాలున్న లెన్స్‌లో 45, 20 తలాలుంటే 190.

వీటిలో కొన్ని దారుల్లో వచ్చిన కాంతి ఫొటో మీద రంగు మచ్చలుగా, బిళ్లలుగా వరుస కడుతుంది. వాటిని ఘోస్టులంటారు. మిగిలినది ఫ్రేమంతా పలచని తెరలా పరుచుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి ఫ్లేర్ అంటారు. మచ్చ కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. తెర కనిపించదు, అందుకే దానివల్లే ఎక్కువ నష్టం.

ఈ బాధ లెన్స్‌ల చరిత్రనే మలుపు తిప్పింది. జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్ లెన్స్ రూపొందించాడు. పనితనంలో అది ఎంతో మేలైనది. కానీ గాలిని తాకే తలాలు 8 ఉండడంతో ఫ్లేర్ దాన్ని వెనక్కి లాగింది. ఆయన బృందం నుంచే 1902లో వచ్చిన టెస్సార్‌కు అలాంటి తలాలు 6 మాత్రమే. చాలా ఏళ్లపాటు జనం ఆదరించింది దాన్నే. 1935లో అదే కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మకులా, గాలి లేని గదిలో గాజు మీద పలచని కోటింగ్ వేసే పద్ధతి కనిపెట్టాడు. మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను సుమారు 100 నానోమీటర్ల మందాన పూస్తే, పూత పైముఖం నుంచి, కిందిముఖం నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. 4 శాతం కాస్తా ఒకటిన్నర శాతం లోపుకు దిగుతుంది. అనేక పొరల కోటింగ్‌తో అర శాతం కన్నా తగ్గుతుంది.

ఇంత కోటింగ్ ఉన్నాక హుడ్ దేనికి? గాజు అంచులకు, లెన్స్ గొట్టం లోపలి గోడలకు, ముందు బిళ్ల మీది దుమ్ముకు, వేలిముద్రకు తగిలి చెదిరే కాంతిని కోటింగ్ ఆపలేదు. పక్కనున్న సూర్యుడు ఫ్రేమ్‌లో కనిపించకపోయినా ముందు బిళ్ల మీద ఎండ పడుతూనే ఉంటుంది. బొమ్మకు ఏమాత్రం పనికిరాని ఆ ఎండను లోపలికి రాకముందే ఆపేది హుడ్.

లెక్క వేసి చూస్తే

ఎండలో పెళ్లికూతురి జడ తీస్తున్నాం. మల్లెపూల మీది వెలుగు 1000 పాళ్లు, జడ పాయల నడుమ నీడలోని వెలుగు 1 పాలు అనుకుందాం. లెన్స్‌లో చెదిరిన కాంతి ఫ్రేమంతటికీ సమానంగా 10 పాళ్లు చేరింది. పూలు 1010 అయ్యాయి. ఆ తేడా ఎవరికీ తెలియదు. నీడ మాత్రం ఒకటి నుంచి 11కు ఎగబాకింది. వెయ్యి రెట్లున్న తేడా 92 రెట్లకు పడిపోయింది. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు అనే ఫొటోగ్రాఫర్ల లెక్కలో 10 స్టాపుల సన్నివేశం ఆరున్నర స్టాపులైంది. పూల వెలుగులో నూరో వంతు కాంతి చేసిన నష్టమిది.

ఎడిటింగ్‌లో నలుపును కిందికి లాగితే సరిపోదా అంటారు. బొమ్మ పైకి ముదురుగా కనిపిస్తుంది, కానీ నీడలోని వివరం తిరిగి రాదు. కాంతి ఫోటాన్ల రూపంలో విడివిడిగా వస్తుంది, ఆ రాకలో ఎప్పుడూ హెచ్చుతగ్గులుంటాయి. సెన్సర్‌లో ఒక చుక్క మీద సగటున 100 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 10. చెదిరిన కాంతి మరో 1000 ఫోటాన్లు తెచ్చిపెడితే హెచ్చుతగ్గు 33 అవుతుంది. ఎడిటింగ్‌లో ఆ 1000ని తీసేయగలం, 33ను తీసేయలేం. 100 పాళ్ల అసలు వివరం మీద 33 పాళ్ల హెచ్చుతగ్గు, అంటే నాయిస్, మిగులుతుంది. హుడ్ ఆ పరాయి వెలుగును లోపలికి రానివ్వదు కాబట్టి దానితోపాటు వచ్చే నాయిస్ కూడా రాదు.

హుడ్‌కు కోతలు ఎందుకు?

వైడ్ లెన్స్ హుడ్‌లు పూరేకుల్లా కోసి ఉండేది అందం కోసం కాదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తున్న దీర్ఘచతురస్రం. 24 మి.మీ. లెన్స్ అడ్డంగా 74 డిగ్రీలు, నిలువుగా 53 డిగ్రీలు, మూల నుంచి మూలకు 84 డిగ్రీలు చూస్తుంది. నిలువు చూపు ఇరుకు కాబట్టి పైనా కిందా రేకులు పొడవుగా ఉండొచ్చు. పక్కల పొట్టిగా ఉండాలి. మూలల దగ్గర చూపు అన్నిటికన్నా విశాలం, అందుకే అక్కడ లోతైన కోతలు. హుడ్ సరిగ్గా బిగుసుకోకుండా కాస్త తిరిగి ఉంటే ఫొటో మూలలు నల్లబడతాయి.

200 మి.మీ. టెలి లెన్స్ మూల నుంచి మూలకు చూసేది 12 డిగ్రీలే. దానికి పొడవైన గుండ్రటి గొట్టం పెట్టొచ్చు, రక్షణ కూడా ఎక్కువ. జూమ్ లెన్స్ హుడ్‌ను సాధారణంగా అది అన్నిటికన్నా విశాలంగా చూసే కొసకు సరిపోయేలా కొలుస్తారు. కాబట్టి జూమ్ చేసిన కొద్దీ హుడ్ కాపాడేది తగ్గుతుంది. అప్పుడు ఎండ వచ్చే వైపు అరచెయ్యి అడ్డుపెట్టాలి, వేళ్లు ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుంటే చాలు. సినిమా కెమెరాల ముందు ఉండే మ్యాట్ బాక్సు చేసేదీ ఇదే. అవసరాన్ని బట్టి దాని రెక్కలు జరుపుకుంటారు.

శాస్త్రజ్ఞులకూ ఈ అడ్డు తప్పలేదు. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత టెలిస్కోపుల మూతలు తెరుచుకున్నాక అవే ఎండకు అడ్డుగా నిలుస్తాయి. అక్కడి నుంచే 2023లో బయలుదేరిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని ఒక పరికరం చూడాల్సింది సూర్యుడి చుట్టూ ఉన్న కరోనాను. బింబంతో పోలిస్తే అది లక్షల రెట్లు మసక. దాన్ని పట్టుకోవాలంటే బింబపు వెలుగును పరికరంలోనే వేరుచేసి బయటికి పంపేయాలి, చెదిరే ప్రతి కిరణాన్నీ అణచాలి. ఈ దారిని 1930లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెర్నార్ లియో చూపించాడు.

చేయవలసింది

సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉంటే హుడ్ ఏమీ చేయలేదు. అప్పుడు ముందు బిళ్ల శుభ్రంగా ఉండడమే ముఖ్యం. కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ వాడితే హుడ్ నీడ ఫొటోలో పడుతుంది, ఆ సమయంలో తీసేయాలి. అక్వేరియంలో గాజు వెనుక చేపను తీయాలంటే రబ్బరు హుడ్‌ను గాజుకు ఆనించండి, మన వైపు లైట్ల ప్రతిబింబం పోతుంది. ఫ్లేర్ కావాలని కోరుకుని తీసే ఫొటోకు హుడ్ అక్కర్లేదు. మిగతా వేళల్లో, నీడలో ఉన్నా, రాత్రి ఫంక్షన్ హాల్లో ఉన్నా, హుడ్ ముందుకే ఉండాలి. అక్కడా పక్కనుంచి కొట్టే దీపాలుంటాయి.

నమ్మకం కుదరకపోతే మీరే పరీక్షించండి. ఎండ పక్కనుంచి పడుతుండగా ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, మాన్యువల్ మోడ్‌లో ఒకే ఎక్స్‌పోజర్‌తో హుడ్ ఉంచి ఒకటి, తీసేసి ఒకటి తీయండి. రెండింటి హిస్టోగ్రామ్‌లలో ఎడమ చివర పోల్చండి. హుడ్ లేని ఫొటోలో గ్రాఫ్ ఎడమ అంచును వదిలి ఎంత కుడికి జరిగితే, మీ నీడల్లో అంత పరాయి వెలుగు చేరినట్టు.