‘బిలాత్ ఫెరత్’ – రూపుమాసిన యొక హాస్యచిత్రము

కలకత్తా నగరమున రసా థియేటరులో 1921వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ‘బిలాత్ ఫెరత్’ అను మూకచిత్రము ప్రదర్శింపబడెను. బిలాత్ అనగా విలాయతి. అచటికి పోయి తిరిగివచ్చినవాడని ఆ పేరునకర్థము. మన పెద్దలు ‘సీమకు వెళ్లివచ్చినవాడు’ అనెడివారు గదా, అదియే. వంగదేశపు సాంఘిక హాస్యచిత్రములలో దీనిని తొలివరుసలో నెన్నుదురు. నేడది చూతమన్నను లేదు.

కథ స్వల్పము. చిరకాలము సీమలో నుండి యింటికి వచ్చిన యువకుడొకడు ఆ దేశపు మర్యాదలన్నియు తలకెక్కించుకొని, ప్రేమను గూర్చియు వివాహమును గూర్చియు వింతవింత యూహలు పలుకుచు ఇంటిల్లిపాదిని నివ్వెరపఱచును. అయితే దొరవేషమును మాత్రమే యెగతాళి చేసి ఊరకుండక, ఆ వేషమును చూచి గుండెలు బాదుకొను పూర్వాచారపరుల ఛాందసమును గూడ నీచిత్రము నవ్వులపాలు చేసెను. మేము మెచ్చుకొనునది దీనినే. ఒక పక్షమువారిని నవ్వించుట సులభము. ఇరుపక్షములవారును తమ్ము తాము చూచుకొని నవ్వునట్లు చేయుట కష్టము. సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తమా, వెలియా యని లోగిళ్లలో వాదములు జరిగిన కాలమది. ఆ వాదములలో నోరు విప్పుటకు ఆడువారికి అధికారము లేకుండెను. వాని ఫలము ననుభవించుట మాత్రము వారి వంతు.

నాయకపాత్ర ధరించి కథను సమకూర్చినవాడు ధీరేంద్రనాథ గంగూలీ. 1893లో జన్మించిన యాతనికి అప్పటికి ఇరువదియెనిమిదవ యేడు నడచుచుండెను. శాంతినికేతనమున చదివినవాడు, చిత్రకారుడు. సినీమాలోనికి రాకమునుపే తానొక్కడే పలు వేషములు వేసికొని, స్త్రీవేషములతో సహా, ఫొటోలు తీయించుకొని ‘భావేర్ అభివ్యక్తి’ అను పుస్తకముగా ప్రకటించెను. ఒక్కొక్క పటములో నాతడే భర్త, ఆతడే భార్య! ఆ పుస్తకము నిలిచినది గనుక, కనుబొమ ముడిచిన తీరు, మూతి విఱిచిన తీరు నేటికిని చూడవచ్చును. చిత్రములో ఆ ముఖమే కదలుచు నుండెడిది.

ఈ గంగూలీ తెలుగునేలకు బొత్తిగా పరాయివాడు గాడు. మునుపు హైదరాబాదున నైజాము కళాశాలలో చిత్రలేఖనము నేర్పినవాడే. 1922లో మరల నా నగరమునకే వచ్చి లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి, ‘హరగౌరి’, ‘లేడీ టీచర్’ మున్నగు చిత్రములు తీసెను. బడిపంతులుగారి యింటివారము గనుక రెండవ పేరు మా చెవికి మఱింత యింపుగా నున్నది. 1924లో ‘రజియా బేగం’ అను బొంబాయి చిత్రమును ప్రదర్శించుటచే ప్రభువుల యాగ్రహమునకు గురియై ఆతడు సంస్థానము విడువవలసివచ్చెను. హైదరాబాదున తీసిన యా చిత్రములును మిగులలేదు.

ఎట్లు పోయినవి? ఆనాటి ఫిల్ము ప్రత్తినార నుండి నత్రికామ్లపు సాయమున చేసినది. ఎండకాలపు వేడికి తనంతట తానే చివుకును; నిప్పు తగిలెనా, నీళ్లు పోసినను ఆఱదు. 1931లో ‘ఆలం ఆరా’తో మాటాడు చిత్రములు వచ్చినపిమ్మట మూగబొమ్మలు చూచువారు లేరైరి. ఫిల్ముపై నుండు వెండిని కరగించి తీసికొని, మిగిలిన పదార్థమును గాజులు చేయువారికిని చేతిసంచులు చేయువారికిని అమ్మివేసిరి. సోదరీమణులారా, ఏ నటీమణి ముఖము ఏ యిల్లాలి ముంజేతిని గాజై మెఱసెనో! మనదేశమున తీసిన మూకచిత్రములు పదమూడువందలకు పైగా నున్నను, నేటికి నిలిచినవి, తునుకలతో గూడ లెక్కించినను, ముప్పది ప్రాంతము. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో వెలయునాటికే ఘనభాగము కాలగర్భమున కలిసెను. 2003లో అచటను అగ్నిప్రమాదము జరిగి పాత ఫిల్ములనేకములు దగ్ధమయ్యెను.

పల్లవరాజైన మహేంద్రవర్మ ఏడవ శతాబ్దమున రచించిన ‘మత్తవిలాస ప్రహసనము’ కేరళదేశపు తాళపత్రములలో దాగియుండి 1917లో తిరువనంతపురమున అచ్చుపడినది. ఇంచుమించు పదునాలుగు వందల యేండ్ల నాటి త్రాగుబోతు కాపాలికుని చూచి నేడును నవ్వగలము. మన ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ఆడబడెను. ఆనాటి నటులు పోయినను గ్రంథమున్నది గావున, క్రొత్త గిరీశము వేషము కట్టి రంగమెక్కును. మూకచిత్రమున కట్టి గ్రంథము లేదు. నటుని నడకయే వాక్యము, చూపే పద్యము. ఫిల్ము పోయెనా, మరల పఠించుటకేమియు నుండదు. ‘బిలాత్ ఫెరత్’ వెలువడిన 1921లోనే రఘుపతి వెంకయ్యనాయుడుగారి కుటుంబము మద్రాసున తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’కును ఇదే గతి పట్టెను. భీష్ముని కథను భారతమున చదువుకొందుము. ఆ సీమదొర చేష్టలను ఎక్కడ చదువుకొందుము?

గంగూలీ దీర్ఘాయుష్మంతుడై, 1974లో పద్మభూషణము, 1975వ సంవత్సరపు ఫాల్కే బహుమానమును బడసి, 1978లో కన్నుమూసెను. దేశము గౌరవించిన నాటికే ఆతని తొలి చిత్రము లేదు. వంగదేశపు మూకచిత్రములలో సంపూర్ణముగ మిగిలినది 1931 నాటి ‘జామాయిబాబు’ యొక్కటే. అదియు హాస్యమే, పల్లెటూరి అల్లుడు కలకత్తా వీథులలో పడు అవస్థలు. అల్లునిపై నవ్వు మిగిలినది, సీమదొరపై నవ్వు పోయినది!

ఐనను పూర్తిగా నిరాశపడ పనిలేదు. 1919 నాటి ‘బిల్వమంగళ్’ చిత్రములో కొంతభాగము పారిస్ నగరపు భాండాగారమున దాగియుండి 2016లో పూనాకు చేరినది. కావున ఏ పాత యింటి యటుకమీదనైన గుండ్రని రేకుడబ్బా దొరకినచో తొందరపడరాదు. మూత తీయగానే ఘాటువాసన వచ్చి, చుట్ట జిగురై యంటుకొని, అంచున గోధుమవన్నె పొడి రాలుచున్నచో దానిచెంత దీపము గాని అగ్గిపుల్ల గాని వెలిగింపరాదు; ఎండబెట్టరాదు; యంత్రమున త్రిప్పిచూడబోరాదు. పిల్లలకందని చల్లని చోట, వంటయింటికి దూరముగ నుంచి, పూనా భాండాగారమువారికి జాబు వ్రాయవలెను. పాతసామాను వాడు తక్కెడ పట్టుకొని వాకిటికి రాకమునుపే వ్రాయవలెను.