మలివయసులో మాధవ సేవ

షష్టిపూర్తి అయింది. ఉద్యోగ విరమణ జరిగింది. పిల్లలు ఎవరి సంసారాల్లో వారు స్థిరపడ్డారు. 'ఇక నావల్ల ఎవరికి ప్రయోజనం?' అన్న దిగులు ఎందరో పెద్దల మనసులను తొలుస్తుంటుంది. ఆ దిగులుకు శ్రీమద్రామాయణంలో సమాధానం ఉంది.

సీతమ్మను రావణుడు అపహరిస్తుండగా అడ్డగించినది ముదుసలి జటాయువు. తన వయసు అరవై వేల సంవత్సరాలని ఆయనే రావణునితో చెప్పాడు. అయినా 'నాకెందుకులే' అనుకోలేదు. ప్రాణాలర్పించి, శ్రీరాముని చేతుల మీదుగా అంత్యసంస్కారం పొందాడు.

ఆయన అన్న సంపాతికి రెక్కలే లేవు. సూర్యుని వేడి నుంచి తమ్ముణ్ణి కాపాడబోయి వాటిని పోగొట్టుకున్నాడు. కానీ చూపు మిగిలింది. నూరు యోజనాల అవతల లంకలో సీతమ్మ ఉన్నదని వానరులకు తెలిపాడు. రామకార్యానికి ఆ మాటసాయం చేయగానే ఆయనకు మళ్లీ రెక్కలు మొలిచాయి!

ఇక జాంబవంతుడు. ఒకప్పుడు త్రివిక్రమునికి ప్రదక్షిణం చేసిన మహాబలశాలి. వయసు మళ్లిన తరువాత సముద్రం దాటే శక్తి తనకు లేదని దాచుకోకుండా చెప్పాడు. అంతటితో ఊరుకోక, మౌనంగా ఒకచోట కూర్చున్న హనుమంతునికి ఆయన బలాన్ని గుర్తుచేశాడు.

ఈ ముగ్గురూ తమకు లేనిదాన్ని తలచుకుని కుంగిపోలేదు. ఉన్నదాన్ని ధర్మకార్యానికి అర్పించారు.

వానప్రస్థమంటే బాధ్యతల నుంచి తప్పుకోవడమని కొందరి భావన. అది సరికాదు. అడవికి చేరినా పంచమహాయజ్ఞాలు విడువరాదని, ఉన్నంతలో అతిథిని ఆదరించాలని మనుస్మృతి విధించింది. అడవికి వెళ్లినవారికే ఆ ధర్మం తప్పనప్పుడు, ఊళ్లో ఉన్న మనకెలా తప్పుతుంది?

తిరుమలలో 2000లో ఆరంభమైన శ్రీవారి సేవ ఎందరో సామాన్య భక్తులకు భక్తజన సేవాభాగ్యం కలిగించింది. వయసు, ఆరోగ్యం వల్ల అంతదూరం వెళ్లలేనివారు చింతించనక్కరలేదు. మీ వీధి గుడిలో పూలమాలలు కట్టండి. అన్నదానానికి కూరగాయలు తరగండి. విశ్రాంత ఉపాధ్యాయులైతే సాయంత్రం ఓ గంట పేదపిల్లలకు పాఠం చెప్పండి. చదువురాని తోటివారికి పింఛను దరఖాస్తు నింపిపెట్టండి. మంచం దిగలేని మిత్రునికి పురాణం చదివి వినిపించండి.

ఒక్క జాగ్రత్త. సేవ పేరుతో పెత్తనం కోరరాదు. జాంబవంతుడు వానరసేనకు దారి చూపాడే గాని, అంగదుని నాయకత్వాన్ని ఆశించలేదు.

యువతీయువకులారా! మీ ఇంటి పెద్దలు సేవకు బయలుదేరితే 'ఈ వయసులో ఎందుకు?' అని వారించకండి. చేయిపట్టి గుడి మెట్లు ఎక్కించండి. సంపాతిని సముద్రతీరానికి తీసుకువెళ్లి, తమ్మునికి తర్పణం విడవడానికి తోడ్పడినవారు వానరులే కదా!