కత్తి చేతబట్టిన పంతులమ్మ – నిక్కీ ఫ్రాంకీ 50 ఏళ్ళ కోచింగ్

కత్తియుద్ధం అనగానే మన తరం వాళ్ళకి విఠలాచార్య సినిమాలూ, "కత్తి" కాంతారావూ గుర్తుకొస్తారు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి మాత్రం కత్తి అంటే, శనివారం పొద్దున్నే కారు వెనక పడేసుకుని క్లబ్బుకి మోసుకెళ్ళే ఓ పొడుగాటి సంచీ. టెన్నిస్, ఈత, చదరంగం తర్వాత మనవాళ్ళ ఇళ్ళలోకి ఫెన్సింగ్ కూడా మెల్లగా వచ్చేసింది. నలుగురు తల్లిదండ్రులు ఒకచోట చేరితే వినిపించే ప్రశ్న కూడా మనకు తెలిసిందే: "దీనివల్ల కాలేజీ అడ్మిషన్‌కి ఏమైనా ఉపయోగం ఉంటుందా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ కాలేజీలో ఆ ఆట నేర్పే మనిషి ఎవరు, ఆ ఉద్యోగం ఎలాంటిది, ఓ జీవితకాలం దానికి ఎందుకు ఇస్తారు అన్నది మనం సాధారణంగా ఆలోచించం. అందుకు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ మహిళల జట్టుకి ఏకంగా 50 సీజన్లు కోచ్‌గా పనిచేసిన డాక్టర్ నిక్కీ ఫ్రాంకీ కథ చాలా చక్కగా పనికొస్తుంది.

నిక్కీ 1951లో న్యూయార్క్‌లో పుట్టారు. ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. చిన్నప్పటినుంచీ ప్రైవేటు క్లబ్బుల్లో డబ్బుపోసి నేర్చుకున్న ఆట కాదు ఆమెది. హైస్కూల్లో ఉండగా కత్తి పట్టారు, బ్రూక్లిన్ కాలేజీలో కొనసాగించారు. 1972లో డిగ్రీ పూర్తిచేసుకుని, పైచదువుకోసం టెంపుల్‌కి వచ్చారు. అదే సంవత్సరం అక్కడి మహిళల ఫెన్సింగ్ జట్టు బాధ్యత ఆమె చేతికి వచ్చింది. అప్పటికి ఆమె వయసు 21. అంటే తన శిష్యురాళ్ళకీ తనకీ వయసులో పెద్ద తేడా లేదన్నమాట!

ఆ 1972వ సంవత్సరానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపించకూడదనే "టైటిల్ నైన్" చట్టం ఆ జూన్ నెలలోనే వచ్చింది. అమెరికా కాలేజీల్లో ఆడపిల్లల ఆటలకి జట్లూ, కోచ్‌లూ, బడ్జెట్లూ ఏర్పడడానికి పునాది ఆ చట్టమే. ఐతే చట్టం కాగితం మీద వచ్చినంత తేలిగ్గా జట్టు తయారవదు కదా! ఎవరో ఒకరు ఆ జిమ్‌లో రోజూ నిలబడాలి. టెంపుల్‌లో ఆ నిలబడినవాళ్ళు నిక్కీ.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పుకుంటే మిగతా కథ బాగా అర్థమవుతుంది. ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులు: ఫాయిల్, ఎపీ, సేబర్. ఫాయిల్‌లో కత్తి మొనతో ఎదుటివారి మొండేన్ని మాత్రమే తాకాలి. ఎపీలో తల నుంచి కాలివేళ్ళ దాకా ఎక్కడైనా పొడవవచ్చు. సేబర్‌లో నడుము పైభాగంలో, మొనతోనే కాదు, అంచుతోనూ కొట్టవచ్చు. ఆట 14 మీటర్ల పొడవున్న సన్నటి పట్టీ మీద జరుగుతుంది. తాకిన సంగతి కరెంటు దీపం చెబుతుంది. ఫాయిల్‌లో ఇద్దరి దీపాలూ వెలిగితే, దాడి హక్కు ఎవరిదో రిఫరీ తేలుస్తాడు. ఎదుటివాళ్ళు ముందుగా దాడికి దిగితే, వాళ్ళ కత్తిని అడ్డుకున్నాకే మనం తిరిగి పొడవాలి. అందుకే దీన్ని కాళ్ళతో ఆడే చదరంగం అంటే తప్పులేదు.

నిక్కీ యువతిగా ఉన్న రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఫాయిల్ ఒక్కటే ఉండేది. ఎపీ 1996లో, సేబర్ 2004లో వచ్చాయి. చెన్నై అమ్మాయి భవానీదేవి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దిగి, ఒలింపిక్స్ ఆడిన తొలి భారతీయ ఫెన్సర్‌గా పేరు తెచ్చుకున్నది ఆ సేబర్‌తోనే. నిక్కీ తరానికి ఆ తలుపులు మూసే ఉన్నాయి.

నిక్కీ కోచ్ ఐన తర్వాత ఆట మానలేదు. పగలు చదువు, సాయంత్రం శిష్యులకి శిక్షణ, ఆపైన తన సొంత సాధన. 1975లో అమెరికా జాతీయ ఫాయిల్ ఛాంపియన్ అయ్యారు. అదే ఏడాది పాన్ అమెరికన్ క్రీడల్లో వ్యక్తిగత రజతం అందుకున్నారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున ఆడారు. 1980లో రెండోసారి జాతీయ ఛాంపియన్ అయి, మాస్కో ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించారు.

కానీ ఆ జట్టు మాస్కో వెళ్ళలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనలు ప్రవేశించినందుకు నిరసనగా కార్టర్ ప్రభుత్వం ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. నాలుగేళ్ళు చెమటోడ్చి, దేశంలో మొదటి స్థానంలో ఉన్న సమయంలో, తన చేతిలో లేని కారణంతో అవకాశం జారిపోయింది. క్రీడాకారులకి వయసు ఆగదు. మళ్ళీ నాలుగేళ్ళకి అదే వేగం, అదే స్థానం ఉంటాయన్న హామీ లేదు. చాలామంది అక్కడితో చేదు మింగి ఆటకి దూరమవుతారు. నిక్కీకి మాత్రం తిరిగి వెళ్ళడానికి ఒక జిమ్, అందులో తనకోసం ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. ఆటగత్తెగా ఆమె ప్రస్థానం ఒలింపిక్ పతకం లేకుండానే ముగిసింది. కోచ్‌గా ఆమె పని ఆ తర్వాత ఇంకో నాలుగు దశాబ్దాలు సాగింది.

ఇంతకీ ఫెన్సింగ్ కోచ్ చేసే పని ఏమిటి? ఫుట్‌బాల్ కోచ్‌లా గీత పక్కన నిలబడి అరవడం కాదు. ఈ ఆటకి ప్రాణం "లెసన్". అంటే మందపాటి తోలు కోటు వేసుకుని, కోచ్ స్వయంగా కత్తి పట్టుకుని, ఒక్కొక్క శిష్యురాలితో విడివిడిగా తలపడడం. కోచ్ కావాలనే ఒక సందు ఇస్తారు; శిష్యురాలు దాన్ని కనిపెట్టి పొడవాలి. మరుసటిసారి అదే సందు ఎరగా మారుతుంది. మన సంగీతం మేష్టారు ఎదురుగా కూర్చుని, తను పాడి, మళ్ళీ పాడించి, తప్పిన స్వరం దగ్గర ఆపి సరిదిద్దే పద్ధతికి ఇది చాలా దగ్గర. జట్టులో పాతికమంది ఉంటే పాతిక శరీరాలూ, పాతిక స్వభావాలూ కోచ్‌కి తెలిసి ఉండాలి.

కాలేజీ పోటీల లెక్క కూడా వేరు. రెండు మహిళల జట్లు తలపడితే, ఒక్కో కత్తికి 9 చొప్పున మొత్తం 27 బౌట్లు జరుగుతాయి. ఒక్కో బౌట్ 5 టచ్‌ల దాకా, మహా ఐతే మూడు నిమిషాల ఆట. 14 బౌట్లు గెలిచిన జట్టుది విజయం. ఒకే రోజున నాలుగైదు జట్లతో ఆడడం మామూలే. నిక్కీ ఖాతాలో ఉన్న జట్టు విజయాలు 898. ఏడాదికి సగటున 18 గెలుపులు, అదీ 50 ఏళ్ళపాటు! ఒక్క గొప్ప తరం దొరికితే ఐదేళ్ళు గెలవవచ్చు. కాలేజీ పిల్లలు నాలుగేళ్ళకోసారి మారిపోతూ ఉంటే, అర్ధ శతాబ్దం గెలవడం వేరే విద్య.

1992లో ఆమె జట్టు ఎన్.సి.ఎ.ఎ. మహిళల ఫాయిల్ టీమ్ టైటిల్ గెలిచింది. ఐతే జాతీయ స్థాయిలో టెంపుల్‌కి ఒక చిక్కు ఉంది. 1990 నుంచీ ఎన్.సి.ఎ.ఎ.లో మగపిల్లల, ఆడపిల్లల పాయింట్లు కలిపి ఒకే మొత్తం ఛాంపియన్‌షిప్ ఇస్తున్నారు. ఇప్పటి పద్ధతిలో ఒక కాలేజీ గరిష్ఠంగా 12 మందిని, ఆరుగురు మగపిల్లల్నీ ఆరుగురు ఆడపిల్లల్నీ, పంపవచ్చు. టెంపుల్‌లో ఉన్నది ఆడపిల్లల జట్టు ఒక్కటే. అంటే ఎంత బాగా ఆడినా సగం పాయింట్ల పోటీలోనే ఉంటారు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కొలంబియా, నోటర్‌డేమ్ లాంటి సంపన్న ప్రైవేటు విద్యాసంస్థలతో రెండు చేతుల ఆటని ఒక్క చేత్తో ఆడడమే ఇది. పై వరస పేరు తమకి అందదని తెలిసీ, ప్రతి ఏడూ పిల్లల్ని ఆ పోటీకి సిద్ధం చేయడంలోనే ఆమె గొప్పతనం కనిపిస్తుంది.

జిమ్ బయట కూడా ఆమె పంతులమ్మే. టెంపుల్‌లోనే మాస్టర్స్, డాక్టరేట్ పూర్తిచేసి, ప్రజారోగ్య విభాగంలో పాఠాలు చెప్పారు. 1992లో టీనా స్లోన్ గ్రీన్, ఆల్ఫా అలెగ్జాండర్, లిండా గ్రీన్‌లతో కలిసి "బ్లాక్ విమెన్ ఇన్ స్పోర్ట్ ఫౌండేషన్" స్థాపించారు. తమకి అలవాటు లేని ఆటల్లోకి నల్లజాతి అమ్మాయిల్ని తీసుకురావడం, ఆటలోనే కాక శిక్షణలోనూ నిర్వహణలోనూ వాళ్ళకి చోటు కల్పించడం దాని ఆశయం. "ఈ ఆట మనది కాదు" అనే మాట పిల్లల మనసులోంచి పోవాలంటే, ఆ ఆటలో తమలాంటి మనిషి ఒకరు పెద్ద కుర్చీలో కనబడాలి. వలస వచ్చిన మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

2022లో ఆమె పదవీ విరమణ చేశారు. ఆ స్థానంలోకి వచ్చిన జెనీ సాల్మన్ ఒకప్పుడు ఆమె దగ్గర టెంపుల్‌లో కత్తి నేర్చుకున్న శిష్యురాలే. గురువుకి ఇంతకన్నా పెద్ద సన్మానం ఏముంటుంది?

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి వద్దాం. ఎన్.సి.ఎ.ఎ. స్థాయిలో ఫెన్సింగ్ ఉన్న కాలేజీలు యాభై లోపే. 2025 దాకా ఉన్న నిబంధనల్లో డివిజన్ వన్ మహిళల జట్టు మొత్తానికి గరిష్ఠంగా 5 స్కాలర్‌షిప్పులు, పురుషుల జట్టుకి నాలుగున్నర. వాటినే ముక్కలుచేసి పంచేవారు. ఐవీ లీగ్ కాలేజీలు ఆటకోసం స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. క్లబ్బు ఫీజులూ, కత్తులూ, విమానం టిక్కెట్లూ కలిపి చూసుకుంటే, పెట్టుబడి లెక్కన ఇది గిట్టుబాటయ్యే బేరం కాదు. కోచ్ సిఫార్సు కొందరికి మేలు చేస్తుంది, నిజమే. కానీ ఆ కొందరు ముందుగా ఆటని ప్రేమించినవాళ్ళు.

అందుచేత మన పిల్లల్ని ఏదైనా క్లబ్బులో చేర్పించేటప్పుడు, "ఇక్కడినుంచి ఏయే యూనివర్సిటీలకి వెళ్ళారు?" అన్న ప్రశ్నతోపాటు ఇంకోటి కూడా అడుగుదాం: "ఈ కోచ్ దగ్గర ఓడిపోయిన పిల్లలు మళ్ళీ మర్నాడు వస్తున్నారా?" టెంపుల్‌లో 50 ఏళ్ళపాటు వస్తూనే ఉన్నారు.