మతిమరుపుకు రక్తం పలచన చేసే బిళ్ళ మందా?

"నాన్నకి మతిమరుపు ఎక్కువైంది. మెదడుకి రక్తం అందట్లేదంటున్నారు. రక్తం పలచబడే బిళ్ళలుంటే ఇవ్వండి." మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి మాట వినబడుతుంది. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగమే మనవాళ్ళని తప్పుదారి పట్టిస్తోంది.

అపోహ: మెదడుకు రక్తం తగ్గడమే అల్జీమర్స్.

వాస్తవం: ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ మన ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. అల్జీమర్స్‌లో మెదడుకు రక్త సరఫరా తగ్గుతుందన్నది నిజమే, మతిమరుపు పైకి కనబడక ముందే తగ్గడం మొదలవుతుంది కూడా. అయితే ఈ జబ్బు ఆనవాళ్ళు వేరు: మెదడు కణాల మధ్య పేరుకునే అమైలాయిడ్ ప్రొటీన్ ముద్దలు, కణాల లోపల టౌ ప్రొటీన్ చిక్కుముళ్ళు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వివరించింది వీటినే. రక్తనాళాలు పూడి మెదడు దెబ్బతింటే వచ్చేది వాస్క్యులర్ డిమెన్షియా అనే మరో మతిమరుపు జబ్బు. పెద్ద వయసులో ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదేమీ కాదు.

అపోహ: మెడలోని పెద్ద రక్తనాళాలు బాగుంటే మెదడుకు రక్తం బాగా అందుతున్నట్టే.

వాస్తవం: అసలు తంటా కేశనాళికల్లో ఉంది. అవెంత సన్నగా ఉంటాయంటే ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా నడవాల్సిందే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల మెదళ్ళను సూక్ష్మదర్శినితో గమనించారు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం నాళం గోడకు అతుక్కుని దారి మూసేస్తోంది. అలా మూసుకున్నవి దాదాపు 2 శాతమే. కానీ పంట కాలువకు ఒకచోట చెత్త అడ్డం పడితే దిగువ మడులన్నిటికీ నీరు తగ్గినట్టే ఇక్కడా జరుగుతుంది. ఆ కణాలు అతుక్కోకుండా చేయగానే ప్రసరణ పెరిగింది, కొన్ని గంటల్లోనే ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగైంది. ఇది 2019 నాటి మాట. అదే ఏడాది లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు మనుషుల మెదడు కణజాలంలో ఇంకోటి చూపించారు: అమైలాయిడ్ వల్ల కేశనాళికల చుట్టూ ఉండే పెరిసైట్లు అనే కణాలు బిగుసుకుని వాటిని నొక్కేస్తున్నాయి. అంటే రక్తం తగ్గడానికి జబ్బే ఒక కారణం. తగ్గిన రక్తం తిరిగి జబ్బును ముదరబెట్టవచ్చు. నాకు ఎంతో ఆశ కలిగించిన పరిశోధనలివి. కానీ ఎలుకలకు పనిచేసిన ఆ చికిత్స ఇంకా మనుషులకు మందుగా రాలేదు.

అపోహ: ఆస్పిరిన్, గింకో బిళ్ళలు, శీర్షాసనం మతిమరుపును ఆపుతాయి.

వాస్తవం: ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులతో చేసిన పరీక్షలో రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ డిమెన్షియాను తగ్గించలేదు, రక్తస్రావాలను మాత్రం పెంచింది. గింకో అనే చెట్టు ఆకుల సారాన్ని 3,069 మందితో పరీక్షించి చూసినా ఫలితం లేదు. గుండెకు స్టెంటు పడినవారు, పక్షవాతం వచ్చినవారు డాక్టరు రాసిన ఆస్పిరిన్ మానకూడదు, అది వేరే సంగతి. తలకిందులుగా నిలబడినా మెదడు తన ప్రసరణను తానే సర్దుకుంటుంది. బీపీ, గ్లకోమా ఉన్నవారికి ఆ ఆసనం ప్రమాదం.

అపోహ: వయసు మీద పడ్డాక మతిమరుపు మామూలే, చేసేదేమీ లేదు.

వాస్తవం: పులుసులో ఉప్పు వేశానా లేదా అని అమ్మ తడుముకోవడం మామూలే. నలభై ఏళ్ళుగా పెడుతున్న పులుసు ఎలా మొదలుపెట్టాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోతే డాక్టరుకు చూపించాల్సిందే. ఇక నివారణ సంగతి. 9 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనంలో పై బీపీని 140కి బదులు 120 లోపు ఉంచిన వారిలో, డిమెన్షియాకు ముందు దశ అనదగ్గ స్వల్ప జ్ఞాపక లోపం 19 శాతం తగ్గింది. షుగర్, పొగతాగడం, చెడు కొలెస్ట్రాల్, కదలకుండా కూర్చోవడం కూడా మన చేతిలో ఉన్నవే.

తలనొప్పి లేదు కదా అని బీపీ బిళ్ళ మానేసే అలవాటు మన ఇళ్ళల్లో ఎక్కువ. దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో నలభై దాటిన ప్రతి ఒక్కరికీ ఈ వారమే బీపీ చూపించండి.